లండనుకు ఎన్ని ఎమ్మిగనూర్లు?

ఆదోనిలో పరుపులు కుట్టే నౌషాద్‌కు ప్రపంచాన్ని కొలవడానికి ఒకటే కొలత: ఎమ్మిగనూరు. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు బస్సులో గంట ప్రయాణం. ఆ లెక్కన హైదరాబాదు నుంచి దుబాయికి విమానంలో నాలుగు ఎమ్మిగనూర్లు, సింగపూరుకు నాలుగున్నర, లండనుకు పదిన్నర. ఆయన జన్మలో విమానం ఎక్కలేదు. ఎక్కివచ్చినవాళ్లు చెబితే నమ్మేవాడూ కాదు.

"పరుపు ఎప్పుడిస్తావన్నా?" అని అడిగితే, "రెండు దుబాయిలు ఆగప్పా" అనేవాడు. ఆ రెండు దుబాయిలు వారం దాటినా అయ్యేవి కావు. లెక్కలో కచ్చితమంతా విమానాలకే, పరుపులకు వర్తించదు.

ఒకసారి పక్క వీధి ముస్రత్ మొగుడు కువైటుకు పోతున్నాడు. ఇంటిల్లిపాదీ "నాలుగు గంటల దూరం పోతాండాడే" అని ఏడుస్తున్నారు. నౌషాద్ గుమ్మంలో నిలబడి, "నాలుగు కాదు, నాలుగున్నర" అని సరిచేసి వచ్చాడు. ఏడుపు అరగంట పెరిగింది.

పక్కనే టీ అంగడి రవికుమార్ ఒకరోజు ఫోను పట్టుకొచ్చాడు. "చూడన్నా, మా బావ లండన్ టికెట్టు. పొద్దున ఏడుకు ఎక్కి ఒంటిగంటకు దిగినాడు. ఆరే ఎమ్మిగనూర్లు!"

నౌషాద్‌కు కోపం నషాళానికంటింది.

"ఎక్కింది మన గడియారం, దిగింది వాళ్ల గడియారం! వాళ్లది ఎనక నడుస్తాది. మిగిలిన నాలుగున్నర ఎమ్మిగనూర్లు మీ బావ మింగినాడా?"

ఆ తర్వాత దిండు కొనడానికి వచ్చినవాళ్లందరికీ ఈ పాఠం ఉచితం. బజారంతా కంఠతా వచ్చేసింది.

పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో కూలికి పోయే సుగుణమ్మ కూతురు హెప్సిబా నర్సు. లండన్ ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చింది. అంత దూరం పంపేది లేదని తల్లి భీష్మించుకుంది. ఆ సాయంత్రంలోగా జవాబు చెప్పకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. ఇద్దరూ పోట్లాడుకుంటూ నౌషాద్ అంగడికే వచ్చారు.

"నువ్వే సెప్పన్నా. లండన్ ఎన్ని ఎమ్మిగనూర్లు?" అంది సుగుణమ్మ.

హెప్సిబా కళ్లు అప్పటికే ఎర్రబడి ఉన్నాయి. ఆ పిల్ల మొహం చూసి నౌషాద్ సూది పక్కన పెట్టాడు.

"ఆరు" అన్నాడు.

టీ ఇవ్వడానికి వచ్చిన రవికుమార్ అడ్డం పడ్డాడు. "అన్నా, ఆ పొద్దు..."

"నువ్వు ఊరుకోప్పా! పొద్దున ఏడుకు ఎక్కుతాది, ఒంటిగంటకు దిగుతాది. లెక్క నువ్వే ఏసుకో సుగుణమ్మా. సెయ్యెత్తిన చోటల్లా ఆపనీకి అదేమన్నా మన బస్సా?" అని దూదిలోకి తల దూర్చేశాడు.

సుగుణమ్మ కూతురి వైపు తిరిగింది. "సరే, పో పాపా. వస్తానని సెప్పుపో" అంది. హెప్సిబా తల్లిని గట్టిగా వాటేసుకుని, ఫోను చేయడానికి బయటికి పరుగెత్తింది.

"పదిన్నరని నాకు తెల్దా అన్నా? ఆదోనిలో తెలీనోళ్లు ఎవురుండారు?" అంది సుగుణమ్మ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "ఏడిసే ఇంట్లోనూ అరగంట తగ్గించనోనివి. నా బిడ్డ కోసం నాలుగున్నర తగ్గిస్తివి. నీకే దాని మీద అంత ప్రేముంటే, తల్లిని నేనెట్ల ఆపేది?"

"పోమ్మా పో, నాకు పనుంది" అని కసిరాడు నౌషాద్. మొహం నిండా మాత్రం నవ్వే.