టీచరు గారి నాటకం ఆపేసిన సాయంత్రం

ఈ ఉదయం వాకిలి ఊడుస్తుండగా మంచులోంచి మైకు కట్టిన ఆటో ఒకటి వచ్చింది. ముందు గొంతు వినిపించింది, ఆ తరువాతే బండి కనిపించింది. చలికి కోల్డ్ స్టోరేజీల వైపు నుంచి మిరప ఘాటు నేల మీదికి దిగి గొంతులో గరగరలాడుతోంది. మా కాలనీలో వారం రోజులపాటు శీతాకాల సాంస్కృతిక ఉత్సవాలట. కీర్తిశేషులు ఎస్తేరమ్మ టీచరు గారి స్మారకంగా కాలనీ సంఘం జరుపుతోందట. ఆటో మలుపు తిరిగేదాకా చీపురు పట్టుకుని అలాగే నిలబడ్డాను. తెలిసిన సంగతే అయినా, ఆ పేరు మైకులో పలకడానికి వాళ్ళకు నోరెలా వచ్చిందా అని ఒళ్ళు మండిపోయింది.

ఆవిడను ఎరగనివాళ్ళకు చెప్పాలి. గుంటూరు శివారులో మా కాలనీ, దాన్ని ఆనుకుని కూలీల పేట. టీచరు గారిది ఆ పేటే. మునిసిపల్ బడిలో పనిచేసి రిటైరయ్యారు. పొట్టి మనిషి. చలికాలమంతా చీర మీద మగవాళ్ళ స్వెట్టరు వేసుకుని తిరిగేవారు. డిసెంబరు రాగానే బడి ఆవరణలో వారం రోజులు సాయంత్రం పూట పాటలు, కోలాటం, నాటకం పెట్టించేవారు. పేటలో క్రిస్మస్ పాటలు పాడుకునే వాళ్ళూ, కాలనీలో ధనుర్మాసం ముగ్గులు పెట్టే వాళ్ళూ ఒకే చాప మీద కూర్చోవడం నేను అక్కడే చూశాను.

నేను బ్రాడీపేట నుంచి ఈ కాలనీకి కాపురానికి వచ్చిన ఏడాదే ఆవిడ మా గేటు తట్టారు. నాటకంలో కథ చెప్పే మనిషి కావాలన్నారు. నాకు పాడటం రాదండీ అన్నాను. "పాడమన్నానా? చదవడం వచ్చుగా, రా" అన్నారు. మొదటిరోజు నేను చదువుతుంటే ఆవిడ లేచి వెళ్ళి ప్రహరీగోడ దగ్గర, పని నుంచి నేరుగా వచ్చిన ఆడవాళ్ళ పక్కన నిలబడ్డారు. మాట వినపడనప్పుడల్లా చెయ్యెత్తేవారు. ఆ సాయంత్రం ఆ చెయ్యి దిగితే ఒట్టు. పుట్టింట్లోనూ అత్తింట్లోనూ మెల్లగా మాట్లాడినందుకే మెప్పు పొందిన దాన్ని. గట్టిగా మాట్లాడమని నన్ను కోప్పడిన మొదటి మనిషి ఆవిడే.

ఆ నాటకం ఆవిడే రాశారు. మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళ కథ. అందులో ముఖ్యపాత్ర నాగమణిది. ఆమె నిజంగానే ఆ పనికి వెళ్ళే మనిషి. రిహార్సల్‌కు వచ్చేసరికి వేళ్ళు మండుతూ ఉండేవి. మజ్జిగలో చేతులు ముంచి కూర్చుని మాటలు అప్పజెప్పేది. షెడ్డులో మరుగుదొడ్డి లేక పొద్దుటి నుంచీ నీళ్ళు తాగకుండా పనిచేసే సంగతిని ఆమె నవ్విస్తూ చెప్పేది. నవ్వి నవ్వి చివర్లో అందరం తలలు దించుకునేవాళ్ళం.

కొన్నేళ్ళకు కాలనీలో కమ్యూనిటీ హాలు కట్టారు. వారోత్సవాలు ఇకమీద హాల్లోనే చేద్దామని సంఘం కార్యదర్శి తానే వచ్చి పిలిచాడు. టీచరు గారు సంతోషపడ్డారు. వానొచ్చినా మంచు పడినా ఇబ్బంది లేదని, పేటవాళ్ళు కుర్చీల్లో కూర్చుంటారని. తీరా ఆ రోజు నాటకాన్ని అన్నిటికన్నా చివరికి తోశారు. ముఖానికి రంగులు పూసుకున్న ఆడవాళ్ళను హాలు వెనక వంటపాకలో కూర్చోబెట్టారు. సన్మానాలు, సినిమా పాటలు, మళ్ళీ సన్మానాలు. ముఖ్య అతిథి, తొడిమలు తీయించే షెడ్లున్న ఒక కోల్డ్ స్టోరేజీ యజమాని. నా వంతు వచ్చినప్పుడు వేదిక మీదికి వెళ్ళేలా, రెండో వరుసలో మా ఆయన పక్కన కాగితాలు పట్టుకుని కూర్చున్నాను.

చివరికి నాగమణి వేదిక ఎక్కింది. నీళ్ళు తాగని మాట దగ్గరికి రాగానే మైకు ఆగిపోయింది. ముందు కరెంటు పోయిందనుకున్నాం. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. కార్యదర్శి వేదిక పక్కకు వచ్చి, పెద్దాయన నొచ్చుకుంటున్నారు, ఇక చాలించమని టీచరు గారి చెవిలో చెప్పాడు. ఆవిడ కదల్లేదు. హాలంతా వినిపించేలా అన్నారు:

"నా చెవిలో ఎందుకండీ? ఆ మాటేదో మైకులో చెప్పండి. వచ్చినవాళ్ళంతా వింటారు."

అతను మైకు అందుకుని భోజనాలు సిద్ధమని మాత్రం ప్రకటించాడు. జనం లేచారు. నాగమణి రంగు ముఖంతోనే మెట్లు దిగి వెళ్ళిపోయింది. మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. పట్టుకోకపోయినా నేను లేచి వేదిక ఎక్కేదాన్ని కాదు.

మర్నాడు టీచరు గారింటికి వెళ్ళాను. ఏదో సర్దిచెప్పబోయాను. ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తలెత్తకుండానే అన్నారు: "నువ్వెక్కడ కూర్చున్నావో నాకు కనపడింది అమ్మాయ్."

ఆదివారం మధ్యాహ్నం బడి ఆవరణలో నాటకం వేస్తున్నామని, కాగితాలు తెచ్చుకోమని చెప్పారు. వేశాం. చదివాను. గోడ దగ్గరివాళ్ళకు కూడా వినపడింది. అయినా ఆ చదవడం, హాల్లో చదవకపోవడానికి ఎన్నటికీ సరిపోదని చదువుతున్నప్పుడే తెలుసు. ఆ తరువాత ఆవిడ బతికున్నంతకాలం ఆ హాలు గడప తొక్కలేదు. సంఘం వాళ్ళు ఒక్కరైనా వచ్చి తప్పయిందని అనలేదు. నిరుడు వేసవిలో టీచరు గారు పోయారు.

ఇప్పుడు ఆ పేరు వాళ్ళకు పనికొచ్చింది. పోయినవాళ్ళు నాటకాలు రాయరు, ప్రశ్నలు అడగరు. పోయిన వారమే అదే కార్యదర్శి మా ఇంటికి వచ్చి, ప్రారంభోత్సవంలో టీచరు గారి గొప్పతనం గురించి అయిదు నిమిషాలు మాట్లాడమన్నాడు. హాల్లో మైకు ఆపిన సంగతి కూడా చెబుతానన్నాను. కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఇప్పుడవన్నీ ఎందుకు లెండమ్మా. నాలుగు మంచి మాటలు చెప్పండి చాలు."

"అయితే ఆ సంగతి చెప్పొద్దని మీరే మైకులో చెప్పండి. నేను వచ్చి కూర్చుంటాను" అన్నాను.

నా బదులు వేరొకరు మాట్లాడుతున్నారని తరువాత తెలిసింది. ప్రారంభోత్సవం రోజు నేను బడి ఆవరణలో, మా నాటకం దగ్గర ఉంటాను. నాగమణి ఈసారి తన కూతురికి వేషం కట్టిస్తోంది, కథ చదివేది నేనే.

కాలనీలో నన్నిప్పుడు గొడవ మనిషి అంటారు. సంఘం మీటింగులోనైనా, బ్యాంకులోనైనా, ఎవరైనా నా చెవి దగ్గరికి వంగి మాట్లాడబోతే అందరికీ వినపడేలా చెప్పమంటాను. ఆ పేరు పడ్డందుకు నాకు బాధ లేదు. వయసొచ్చింది, కోపం తగ్గించుకోమని మా ఆయన అంటాడు. తగ్గడం లేదు. అందులో సగమే ఆ కార్యదర్శి మీద. తక్కిన సగం, ఆ సాయంత్రం రెండో వరుసలో కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయిన మనిషి మీద.