ట్రేలో లేని సీడీ

దయ్యాలనీ, గాలి సోకిందనీ ఎవరైనా అంటే నవ్వేవాణ్ణి. బందరులో పదేళ్లకు పైగా కంప్యూటర్లు రిపేరు చేశాను. "దీనికేదో పట్టిందండీ, దానంతటదే ఆగిపోతోంది" అని తెచ్చిన ప్రతి మిషన్‌లోనూ ఉప్పుగాలికి పట్టిన తుప్పో, లోపల కాపురం పెట్టిన బల్లో దొరికేది. అందుకే ఇది రాయడానికి నాకే కాస్త సిగ్గుగా ఉంది.

ఈమధ్య మా మేనల్లుడు ఒక గేమ్ పెట్టె కొన్నాడు. విప్పితే లోపల డిస్క్ లేదు. ఒక కాగితం, దాని మీద కోడ్. ఆ కోడ్ కొడితే గేమ్ నెట్‌లోంచి దిగుతుందట. వాడికి అందులో వింతేమీ కనపడలేదు. నాకు మాత్రం కిశోర్ బావ గుర్తొచ్చాడు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. కిశోర్ బావ మా మేనత్త సుగుణమ్మ ఒక్కగానొక్క కొడుకు. బంటుమిల్లి దగ్గర రొయ్యల చెరువులు చూసుకునేవాడు. రోడ్లు వేసి, ఇళ్లు లేపి ఊరు కట్టే గేమ్ ఒకటుంటే, అదంటే మా ఇద్దరికీ పిచ్చి. ఇద్దరం కలిసి ఒకే ఒక్క ఒరిజినల్ సీడీ కొన్నాం.

ఆ రోజుల్లో గేమ్ మొత్తం కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నా, ఆడేటప్పుడు సీడీ డ్రైవ్‌లో ఉండి తీరాలి. లేకపోతే సీడీ పెట్టమని తెర మీద ఒక గడి వచ్చి అక్కడే ఆగిపోతుంది. నేను నాలుగుసార్లు కాపీ కొట్టి చూశాను. కాపీ పెడితే ఇట్టే పసిగట్టేసేది.

అందుకని మా వైపు కాలవ నీళ్లకు పెట్టుకున్నట్టే సీడీకీ వంతు పెట్టుకున్నాం. ఒక వారం నాది, ఒక వారం బావది. సోమవారం పొద్దున్నే సీడీని, అప్పటిదాకా ఆడిన ఆట దాచిన ఫ్లాపీని ఒక కవర్లో పెట్టి బస్సు డ్రైవర్ గారి చేతికిస్తే, అవతలి ఊళ్లో రెండోవాడు బస్సు దగ్గర నిలబడి అందుకునేవాడు. ఇద్దరం కడుతున్నది ఒకటే ఊరు. దానికి కొత్తబందరు అని పేరు పెట్టాం.

బావ ఆడేది చెరువుల ఆఫీసు కంప్యూటర్లో. అందులో ఏమీ దాచేవాడు కాదు, అంతా ఫ్లాపీలోనే. నేను మాత్రం నా వంతు అయ్యేనాటికి ఊరు ఎలా ఉందో నా కంప్యూటర్లోనూ ఒక ఫైలుగా దాచుకునేవాణ్ణి.

అత్తయ్యకు ఈ ఆట గిట్టేది కాదు. ఒక ఆదివారం ఆవిడ క్యారేజీ తీసుకెళ్తే బావ పిలిచాడట. "అమ్మా, కాలవ పక్కన నీకు మేడ కట్టాను, చూద్దువుగాని రా" అన్నాడట. "బొమ్మ మేడలో నేనేం కాపురం ఉంటానురా" అని, క్యారేజీ అక్కడ పెట్టి ఆవిడ వెళ్లిపోయింది.

మర్నాడు బావకి బస్సు తప్పిపోయింది. వంతు తప్పకూడదని కవరు సంచిలో వేసుకుని తనే బండి మీద బయల్దేరాడు. పెడన దాటాక లారీ గుద్దింది. బావ అక్కడే పోయాడు.

కాలవలో పడ్డ సంచి తీసి మాకిచ్చారు. ఫ్లాపీ నిండా బురద. సీడీ రెండు ముక్కలైంది. ఆ ముక్కలు ఇప్పటికీ నా సొరుగులో ఉన్నాయి.

పెద్దకర్మ అయిన నెలకి అత్తయ్య మా ఇంటికొచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక నా కంప్యూటర్ ముందు వచ్చి నిలబడింది.

"వాడు కట్టిన మేడ ఇందులో ఉంటుందా నాన్నా?"

లేదనడానికి నోరు రాలేదు. "తెరుచుకోదేమో అత్తయ్యా" అన్నాను.

"ఒక్కసారి చూపించు. వాడు పిలిచినప్పుడు నేను వెళ్లలేదు."

సీడీ పెట్టమనే గడి వస్తే, మిషన్ పాడైందని చెప్పి తప్పించుకుందామనుకుని గేమ్ మీద నొక్కాను.

డ్రైవ్ తిరిగింది. లోపల సీడీ ఉన్నప్పుడు మాత్రమే వచ్చే గుర్రుమనే మోత అది. చిన్న లైటు వెలుగుతూ ఆరుతూ ఉంది. గడి రాలేదు. ఊరు తెరుచుకుంది.

నా వంతు అయ్యేనాటికి కాలవ పక్కనంతా ఖాళీ నేల. ఇప్పుడక్కడ చెట్ల మధ్య రెండంతస్తుల మేడ ఉంది. తెర పైన ఊరి పేరు కొత్తబందరు అని ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాల్లో సుగుణ అని ఉంది.

నాకు భయం వేయలేదు. గర్భగుడి ముందు తెర తీసినప్పుడు చేతులు వాటంతటవే లేస్తాయి చూడండి, అలా అయింది.

"పైన ఏం రాసుందిరా?" అంది అత్తయ్య.

"నీ పేరే అత్తయ్యా."

ఆవిడ ఆ మేడ మీద వేలు పెట్టి తడిమింది. "రెండో అంతస్తు ఎందుకురా వీడికి? నా మోకాళ్ల సంగతి ఎప్పుడూ పట్టదు" అంది. నవ్వుతూనే ఏడ్చింది. నాకూ కన్నీళ్లు ఆగలేదు. చాలాసేపు చూసి, "చాల్లే, ఆపెయ్యి. చూశాను" అంది.

ఆవిడ లోపలికి వెళ్లాక మీట నొక్కాను. ట్రే బయటికొచ్చింది. ఖాళీ.

మళ్లీ గేమ్ తెరవబోతే ఎప్పటిలాగే సీడీ పెట్టమని గడి వచ్చింది. తర్వాత ఎన్నిసార్లు చేసినా అంతే. నా దగ్గర దాచిన ఫైలు తీసి చూశాను. పాత తేదీయే. కొన్నాళ్లకు ఇంకో ఒరిజినల్ సీడీ సంపాదించి ఆ ఫైలు తెరిచాను. కొత్తబందరు, ఖాళీ నేల.

దుఃఖంలో ఏదో భ్రమ పడ్డానని చాలాసార్లు సర్దిచెప్పుకున్నాను. కానీ ఆ మేడ చుట్టూ ఉన్న చెట్ల గురించి, కాలవ వైపు గుమ్మం గురించి అత్తయ్య మా అమ్మతో చెప్తుంటే నేను విన్నాను. నేను చూసినవే ఆవిడా చూసింది.

అత్తయ్యకు ఇందులో వింతేమీ లేదు. కొడుకు కట్టాడు, మేనల్లుడు చూపించాడు, అంతే. ఆ ఆటకి సీడీ కావాలని ఆవిడకు తెలియదు. నేను చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం డ్రైవ్‌లో తిరిగిందేమిటో ఇన్నేళ్లయినా నాకు అంతుపట్టలేదు. బావ వంతు తప్పలేదు. అంతవరకే చెప్పగలను.