మూత వెయ్యని లాప్‌టాప్

తనూజ లాప్‌టాప్ మూత వెయ్యదు. బస్సులో కూడా ఒళ్ళో తెరిచే పెట్టుకుని, ఎండ పడకుండా చున్నీ కప్పుతుంది. ఎక్కడో దూరాన ఉన్న కొత్త సర్వర్లలోకి పింఛనుదారుల పేర్లు ఎక్కించడం ఆమె ఉద్యోగం. ఆ పనిని బ్యాక్‌గ్రౌండ్‌లో వదిలితే ఇక్కడ మూత పడి నెట్ లైను తెగినా అక్కడ సాగుతూనే ఉంటుంది. వదలకపోతే లైనుతోపాటే చస్తుంది. పోయిన నెల అలాగే చచ్చి, సగం పేర్లు ఎగిరిపోయాయి. సాంకేతిక లోపమని కాంట్రాక్టరు చేతులు దులుపుకున్నాడు. పింఛను అందక పస్తులున్నవాళ్ళకు ఎవరూ జవాబు చెప్పలేదు.

ఈరోజు నంద్యాలలో బస్సెక్కుతూ పని మొదలుపెడుతుంటే ఆ కాంట్రాక్టరే ఫోన్ చేసి కసిరాడు. ఆ కంగారులో బ్యాక్‌గ్రౌండ్‌లో వదిలిందో లేదో ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు.

"ఏం పాపా, పసిబిడ్డకు కప్పినట్ల కప్పినావు?" అన్నాడు పక్క సీటులోని ముసలి నేతగాడు కాశన్న.

"పింఛన్ల పేర్లు ఎక్కించే పని జరుగుతాండాది తాతా."

"ఏం పనో. పోయిన నెల నేను యేలు పెడితే నీ పేరే లేదనె మిషను. బతికే ఉండానని నాకు నేనే సాక్ష్యం చెప్పుకుంటి. ఈ తూరన్నా ఉంటాదంటావా?"

ఓర్వకల్లు రాళ్ళగుట్టలు వచ్చాయి. సిగ్నలు పోయింది. తెర మీద కదులుతున్న వరసలు ఉన్నచోటే నిలిచిపోయాయి.

"ఉంటాది తాతా" అంది తనూజ.

కాశన్న నిమ్మళంగా కళ్ళు మూసుకున్నాడు. గుట్టలు దాటేదాకా ఆమె, నూలుకు అరిగిపోయిన అతని బొటనవేలినే చూస్తూ కూర్చుంది.