గడప దాటినా పిలవని కొట్టు

నిన్న సాయంత్రం డబ్లిన్‌లో సిటీవెస్ట్ వెళ్ళే లువాస్ ట్రామ్‌లో నిలబడి ఫోన్‌లో వేలంపాట చూస్తుంటే, సంతకాలున్న పాత ఫొటోల మధ్య మా పాత ఇంటి ఓనరావిడ తల్లి కనిపించింది. కిటికీ దగ్గర శుక్రవారం సాయంత్రపు కొవ్వొత్తులు వెలిగించి, రెండు చేతులతో కళ్ళు మూసుకున్న యూదు ఇల్లాలు, అడుగున పెన్సిలుతో ఫొటోగ్రాఫర్ సంతకం. నేను దిగాల్సిన స్టాపు ఎప్పుడో దాటిపోయింది.

డబ్లిన్ పక్కనున్న లీక్స్‌లిప్‌లో ఉద్యోగానికి వచ్చిన కొత్తల్లో ఆ ముసలావిడ నాకు మేడమీద గది అద్దెకిచ్చింది. వాళ్ళ నాన్నది డబ్లిన్‌లో రొట్టెల కొట్టు, మా నాన్నది తెనాలిలో బట్టల కొట్టు. బేరాల కబుర్లతోనే మాకు పొద్దుపోయేది. ఆవిడ వెంట వేలంపాటలకు తిరిగి తిరిగి నాకూ ఆ పిచ్చి అంటుకుంది. యూదుల ఇళ్ళలోంచి వచ్చిన వెండి సెమ్మెలు, ప్రార్థన పుస్తకాలు, పాత కొట్ల బోర్డులు, ఏది చూసినా నాకు బేరమాడదగ్గ సరుకే.

ఆవిడ అన్నగారు పోయాక ఆయన సామాను వేలానికి వచ్చింది. అందులో ఈ ఫొటో ఉంది. వాళ్ళమ్మ రూపం మిగిలింది ఇదొక్కటే. అప్పటికి మంచం దిగలేని ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నువ్వు కొట్టువాళ్ళ పిల్లాడివి, నువ్వే తేవాలి" అంది.

మా నాన్న నేర్పిన విద్య ఒక్కటే. కావలసినదాన్ని కావాలన్నట్టు చూడకూడదు, ధర ఎక్కితే వదిలేసి గడపవైపు నడవాలి, దాటేలోగా కొట్టువాడే పిలుస్తాడు. పాట పెరిగింది. చెయ్యి దించి, ఠీవిగా తలుపుదాకా నడిచాను. వెనక సుత్తి దెబ్బ వినిపించింది గాని పిలుపు వినిపించలేదు. పాడుకున్నాయన కారుదాకా పరుగెత్తి, రెట్టింపు ఇస్తానని బతిమాలినా ఆయన తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు.

జరిగింది ఆవిడకు చెప్పాను. "మా నాన్నయితే పిలిచేవాడు" అని గోడవైపు తిరిగింది. ఆ శీతాకాలం దాటలేదు.

నిన్న ఇంటికి చేరి, కోటైనా విప్పకుండా ఫోన్‌లో పాట పెంచే బటన్ పదేపదే నొక్కాను. మా అమ్మాయి తొంగిచూసి, "డాడ్, స్టాప్. యూ ఆర్ బిడ్డింగ్ అగైన్‌స్ట్ యువర్‌సెల్ఫ్" అంది. నా పాట మీద నేనే పాడుతున్నానట. వినిపించింది గాని వేలు ఆగలేదు.

ఫొటో నాకే వచ్చింది. బుద్ధెరిగాక బేరమాడకుండా నేను కొన్న వస్తువు అదొక్కటే. మా నాన్నల కాలపు కొట్లలో బేరం చెడినా, పోయేవాణ్ణి పోనివ్వక వెనక్కి పిలిచే గొంతు ఒకటుండేది. ఇప్పుడు ఎదుట మనిషే లేడు. ఫొటో రేపో మాపో ఇంటికొస్తుంది. దాన్ని ఏ మంచం దగ్గరికి తీసుకెళ్ళాలో చెప్పేవాళ్ళే లేరు.