గోడ నుంచి గోడకు 'గో'

కెనడాలో, మా ఎడ్మంటన్ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న, చదువు ముగించిన మాధురి పొద్దుటి నుంచీ ఒకటే తిరుగుడు. గోడ నుంచి గోడకు అడుగులు, సన్నగా గొణుగుడు. అది విన్న దగ్గర్నుంచి నాకూ కాలు నిలవడం లేదు.

మన ఈడువాళ్ళకు గుర్తుందా, కూర్చుంటే మనకు బట్టీ వచ్చేది కాదు! మా నాన్న ఇంగ్లీషు టీచరు. క్యాలెండర్ కాగితంతో అట్ట వేసిన లావుపాటి డిక్షనరీ నా చేతిలో పెట్టి, వసారాలో ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్కో అర్థం చెప్పుకుంటూ నడవమనేవారు. 'గో' అనే బుల్లి క్రియకు రెండు పేజీల అర్థాలు! పాదాల కింద గచ్చు చల్లదనం, ఆ పుస్తకం ముక్కిన వాసన ఇంకా నన్ను వదల్లేదు.

"ఇన్నెందుకు నాన్నా?" అని ఓసారి ఏడుపు లంకించుకున్నాను.

"పాత ఇంగ్లీషులో దానర్థం ముఖ్యంగా నడవడమేనమ్మా. మిగతావి చాలావరకు నడవగా నడవగా వచ్చి చేరాయి. నువ్వూ నడువు" అన్నారు.

ఇక ఉండబట్టలేక కిందికి దిగాను. మాధురి చేతిలో ఇంటర్వ్యూ ప్రశ్నల కాగితాలు.

"సారీ ఆంటీ, డిస్టర్బ్ చేస్తున్నానా? రేపే ఇంటర్వ్యూ. వర్క్ పర్మిట్ అయిపోవస్తోంది, ఈ జాబ్ వస్తేనే ఇక్కడ ఉండే దారి. కూర్చుంటే ఒక్క ముక్క గుర్తుండట్లేదు."

కాగితాలు అందుకున్నాను.

"నేను అడుగుతా, నువ్వు చెప్పు. ఆగకు."

కాసేపటికి పైనుంచి మా ఆయన కేక వినిపించింది: "కింద ఎంతమంది తిరుగుతున్నారే?"