ఊదు పొగ పట్టిన చేప

నేను చేప తినను. మా వంశంలో ఎవరూ తిన్న పాపాన పోలేదు. అయినా నన్ను నిద్రలో లేపి అడిగినా, పొగబెట్టిన చేపతో పచ్చడి ఎలా నూరాలో ఉప్పుతో సహా చెప్పగలను. దానికి కారణం జమ్మలమడుగులో మా పెరటికీ గౌస్ మొహిద్దీన్ పెరటికీ మధ్య ఉన్న నడుమెత్తు గోడ, ఆ గోడకు అవతల ఉన్న మైమూన్.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నేను బోర్డు స్కూల్లో అయ్యవారిని. గౌస్ ముద్దనూరు రైలుస్టేషనుకు జట్కా తోలేవాడు. అతని భార్య మైమూన్‌ది పులివెందుల. ఆ ఊళ్లో ఎండాకాలం బావిలో నీళ్లు కనబడితేనే సంబరం, ఇక చేపల సంగతి చెప్పేదేముంది! వాళ్ల నాయన రహమతుల్లా అక్కడి దర్గాను చూసుకునే ముజావరు. వాళ్లింట్లో దిష్టి తగిలితే ఊదు పొగ, దోమలు ముసిరితే ఊదు పొగ, తలంటుకున్న జుట్టు ఆరడానికీ ఊదు పొగే. బిడ్డను అత్తవారింటికి పంపుతూ ఆయన పెట్టెలో చీరల మధ్య ఒక డబ్బా నిండా ఊదు పెట్టి పంపాడు.

కాపురానికి వచ్చిన వారానికి మైమూన్ బతికున్న కొరమీనును చేతబట్టింది. అది జారి, గోడ దాటి మా తులసికోట పక్కన పడింది. మా ఆవిడ కమలాంబ పెట్టిన కేకకు వీధికుక్కలన్నీ మొరిగాయి. ఆమె ఆ చోటంతా మూడుసార్లు పేడనీళ్లు చల్లింది, గోడ మీంచి ఏడుపుమొహం పెట్టి చూస్తున్న పిల్లను చూసి నాలుగోసారి చల్లబోయి నవ్వేసింది. వాళ్లిద్దరి స్నేహం ఆ రోజు మొదలైంది.

గౌస్ తల్లి ఖదీజమ్మకు చేపల పచ్చడి చేయడంలో పెద్ద పేరు. పెన్నలో వరద తీసి మడుగులు కట్టగానే ఆమె పొయ్యి మీద ఈతపుల్లల తడక పరిచేది. ఉప్పూ పసుపూ పట్టించిన చేపను దాని మీద పెట్టి, కింద చెనక్కాయ పొట్టు రాజేసి, పైన బుట్ట బోర్లించేది. పొగలో చేప నిదానంగా మగ్గాక ముళ్లు తీసి, కాల్చిన పచ్చిమిరపకాయలూ ఎర్ర ఉల్లిగడ్డలూ వేసి రోట్లో నూరి నిమ్మకాయ పిండేది. జొన్నరొట్టెకు అద్దుకుని తినేవాళ్లు. చేసేటప్పుడు మాత్రం ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. ఎట్లా చేయాలని కోడలు అడిగితే "చూసి నేర్సుకో" అనేది. చూద్దామని నిలబడితే "ఆడ నిలబడొద్దు, గాలికి అడ్డమొస్తాండావు" అనేది. ఇంట్లో వాళ్లలో వాళ్లు ఉరుదూలో మాట్లాడుకునేవాళ్లు గానీ, ఖదీజమ్మకు కోపం వస్తే తెలుగే వచ్చేది. అందుకని ఆమె తిట్లన్నీ మాకు గోడమీంచి చక్కగా అర్థమయ్యేవి.

ఆ ఏడు వానల్లో ఖదీజమ్మకు విషజ్వరం వచ్చింది. పద్దెనిమిది రోజులకు జ్వరం దిగింది గానీ మనిషి మంచానికి అతుక్కుపోయింది. గంజి ఇస్తే పెదవి తిప్పింది. ఖీరు ఇస్తే మొహం తిప్పింది. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన డాక్టరు నాడి చూసి, గౌస్‌ను బయటికి పిలిచి చెప్పాడు: "మందుతో అయ్యే పని అయిపోయిందప్పా. ఇంక తిండితోనే. ఈ రెండు మూడు దినాల్లో నోట్లోకి ముద్ద పోకుంటే మాత్రం నేను చేసేదేమీ లేదు."

ఆ మాట విన్నప్పటి నుంచి మైమూన్ అత్త మంచం పక్క నుంచి కదల్లేదు. ఏం తింటావత్తా, ఏం తింటావత్తా అని పదిసార్లు అడిగితే ఖదీజమ్మ చివరికి కళ్లు తెరవకుండానే అంది. "నా చేతి చేపల పచ్చడుంటే ఒక ముద్ద దిగేదేమో. నేనేమో లేయలేను. నీకేమో చేతగాదు." అని గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు గౌస్ రెండు కొరమీన్లు తెచ్చాడు. మైమూన్ వాటిని పట్టుకుని గోడ దగ్గరికే వచ్చింది.

"కమలమ్మక్కా, పచ్చడి ఎట్ల నూరాలో చెప్పక్కా. మా అత్త పోతాదేమోనని బయంగా ఉండాది."

"చేప సంగతి నన్నడుగుతావేందే!" అంటూనే కమలాంబ కొంగు దోపుకుంది. "చూడూ, మేము వంకాయ కాల్చి ఊరుబిండి నూరతాం. నీ చేపా అంతే అనుకో. లోపలిదాకా మగ్గాల, మాడకూడదు. నూరేముందు ఏయించిన చెనక్కాయలు గుప్పెడు ఎయ్యి, ఎన్నపూస మాదిరి వస్తాది. ఆ చేపను మాత్రం అట్ల పైకెత్తి చూపించొద్దు తల్లీ!"

చేప కోయడం, ఉప్పు పట్టించడం బాగానే జరిగాయి. తంటా అంతా పొగ దగ్గర వచ్చింది. కొట్టంలో ఉన్న చెనక్కాయ పొట్టు వానకు తడిసి ముద్దయింది. రాజేస్తే చుయ్యిమని ఆరిపోయింది. సాయంత్రమైపోతోంది. లోపల మంచం మీద అలికిడి లేదు. మైమూన్‌కు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తెలిసిన పొగ ఒకటే. వెళ్లి పుట్టింటి డబ్బా తెచ్చింది. నిప్పుల మీద ఒక చిటికెడు వేసింది. చేప పెద్దది కదా అని మరో గుప్పెడు వేసి బుట్ట బోర్లించింది.

ఆ రోజు నేను బడి నుంచి పొద్దుగుంకాక వస్తున్నాను. వీధి మొదట్లోనే ఊదు వాసన గుప్పుమంది. మా వీధిలో అంత ఊదు వేసేది చావింట్లోనే. ఖదీజమ్మ వెళ్లిపోయింది అనుకున్నాను. నా వెనకే టైలరు వలి బాషా మిషను వదిలేసి, టోపీ సర్దుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరం తల వంచుకుని గౌస్ గుమ్మంలోకి అడుగుపెట్టాం. కళ్లనీళ్లు ఆగలేదు నాకు. ఆమె తిట్లు వినకుండా మా ఇంట్లో కాపురం ఎలా చేయాలా అనిపించింది.

లోపల ఖదీజమ్మ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. ఎదురుగా మైమూన్ పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. ముసలామె వేలితో పచ్చడి తీసి నాలుక మీద పెట్టుకుంది. కళ్లు మూసింది, తెరిచింది. తలుపు దగ్గర టోపీతో వలి బాషానీ, కళ్లు తుడుచుకుంటున్న నన్నూ చూసింది.

"మ్మే మైమూనూ, ఎవురే సచ్చింది ఈడ?"

మైమూన్ పళ్లెం కింద పెట్టింది. "పొట్టు తడిసిపోయిందత్తా... అందుకని ఊదు ఏసినా" అని గొణిగింది.

ఖదీజమ్మ నవ్వింది. ముందు దగ్గులాగా మొదలై, మంచం కిర్రుమనేంతగా నవ్వింది. "నేను సావకముందే నా చేపకు సావు సాంగెం చేస్తివి కదే! పొట్టు లేదంట, పొట్టు! నా మంచం కింద గోనెలో ఉండాది చూడు, ఎండుది!" ఇన్నాళ్లూ ఎవరికీ చూపించని ఆ సరుకు ఆమె మంచం కిందే దాగి ఉందన్నమాట. "లేపు నన్ను. రెండో చేపన్నా పాడుచేయకుండా చూపిస్తా, పా."

ఇన్ని రోజులుగా మంచం దిగని మనిషి కోడలి భుజం పట్టుకుని, గోడ పట్టుకుని పొయ్యి దగ్గరికి నడిచింది. పీట మీద కూర్చుని పొట్టు ఎంత వేయాలో, నీళ్లు ఎంత చిలకరించాలో తిట్టి తిట్టి చూపించింది. గౌస్ ఒక మూల నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. రోట్లో నూరేటప్పుడు మైమూన్ చెనక్కాయలు వేయబోతే ఖదీజమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇవెవురు ఏయమన్నారు?"

"కమలమ్మక్క."

ఖదీజమ్మ చెయ్యి వదిలింది, నూరాక వేలితో తీసి రుచి చూసింది. "బాగుండాది. ఉండనీ." ఆ రాత్రి ఆమె అర్ధరొట్టె తింది. మర్నాడు ఒకటిన్నర.

ఆ తర్వాత పదకొండేళ్లు ఖదీజమ్మ రాయిలా ఉంది. కోడలి చేత చేయించి మురిసేది, కనబడిన వాళ్లందరికీ ఆ కథ చెప్పి మైమూన్‌ను ఏడిపించేది. పైగా ప్రతిసారీ చేప దించే ముందు "ఒక్క చిటికెడు ఊదు ఎయ్యే, అయ్యోరు పరిగెత్తుకొస్తాడేమో చూస్తాం" అనేది. కమలాంబ అయితే, నాలుక మీద పెట్టని పచ్చడిలో తన చెయ్యి ఉందని చుట్టాలందరికీ గర్వంగా చెప్పుకునేది. మా వీధికి కూడా అలవాటైపోయింది. ఊదు వాసన వస్తే మైమూన్ చేపలు పొగబెడుతోందని నవ్వుకునేవాళ్లం.

ఒక ఉదయం నేను పూజ ముగించి లేస్తుంటే ఊదు వాసన వచ్చింది. "ఈ రోజు పొద్దున్నే మొదలుపెట్టిందే!" అన్నాను నవ్వుతూ. కమలాంబ కూడా నవ్వింది. చెనక్కాయ పొట్టు వాసన కోసం ఇద్దరం కాసేపు చూశాం. అది రాలేదు. కమలాంబ నా మొహంలోకి చూసి, చేతిలో చెంబు కిందపెట్టి గోడ దగ్గరికి పరుగెత్తింది.

నలభయ్యో రోజున మైమూన్ చేపల పచ్చడి చేసి, ఖదీజమ్మ పేరున ఫాతిహా ప్రార్థనకు పళ్లెంలో పెట్టింది. గుమ్మం దగ్గర నిలబడి చూశాను. నిప్పుల మీద ఊదు వేయబోతూ ఆమె చెయ్యి ఆగింది. తర్వాత ఏడుస్తూనే నవ్వింది.

"ఈసారి సరిగ్గానే ఏస్తాండా అత్తా" అంది.