ఆమోదం అక్కర్లేని ఒప్పందం

కువైట్‌లో గహ్వా, అంటే అరబ్బుల కాఫీ, పోసేవాడికి ఒకటే నియమం. అతిథి తన చేతిలోని చెవి లేని చిన్న కప్పును రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ ఊపేదాకా పోస్తూనే ఉండాలి. ఊపాడంటే చాలని అర్థం. ఊపలేదంటే, ఆ మనిషి మాటల్లో పడి మరిచిపోయినా సరే, మళ్ళీ పోయాల్సిందే. ఎడమచేతిలో పొడుగు ముక్కు కూజా, కుడిచేతిలో కప్పుల దొంతర పట్టుకుని నేను ఆరేళ్ళు ఆ పని చేశాను. పగలు అదే ఇంట్లో బండి తోలేవాణ్ణి. మా ఆవిడ ఆ ఇంటి పిల్లల్ని సాకేది.

ఇంటి యజమానిని బాబా అనీ, ఆయన భార్యను మామా అనీ పిలిచేవాళ్ళం. బాబా ఒకప్పుడు పార్లమెంటు సభ్యుడు. ఇంటి ముందువైపు ఆయన దివానియా ఉండేది, అంటే సాయంత్రాలు మగవాళ్ళు చేరి మాట్లాడుకునే పెద్ద హాలు. మా కడప పల్లెల్లో అరుగుల మీద పనిలేనివాళ్ళు కూర్చుంటారు, ఇక్కడ ఏసీ కింద దేశాన్ని నడిపిన పెద్దలు కూర్చునేవాళ్ళు. మాటల్లో మాత్రం నాకు పెద్ద తేడా కనబడలేదు.

నేను చేరిన కొత్తలో ఆ హాలు నిండా ఒక ఒప్పందం గురించే గొడవ. చుట్టుపక్కల గల్ఫ్ దేశాలన్నీ కలిసి రాసుకున్నాయట. ఒక దేశం నుంచి పారిపోయి ఇంకో దేశంలో దూరినవాణ్ణి పట్టి అప్పగించాలి. అవసరమైతే ఒకరి పోలీసులు ఇంకొకరి గడ్డ మీదికి కొంతదూరం తరుముకుంటూ రావచ్చు. మిగతా దేశాల్లో రాజుగారు సరేనంటే సరే. ఇక్కడ పార్లమెంటు ఆమోదించాలి, అది ఎంతకీ ఒప్పుకోలేదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టు నిలబడింది. ఆ తర్వాత పార్లమెంటునే మూసేశారు. తాళం సభకు పడింది గానీ వాదనకు పడలేదు. సభలో అనలేని మాటలన్నీ మా హాలుకు వచ్చి కూర్చున్నాయి.

ఎవరికి ఎంత కోపం వచ్చిందో నేను కప్పుల్ని బట్టి చెప్పేవాణ్ణి. శాంతంగా ఉన్నవాడు రెండు తాగి ఊపేస్తాడు. వాదనలో ఉన్నవాడు ఊపడం మరిచిపోతాడు, నేను పోస్తూ పోతాను, తాగుతూ పోతాడు. బాబా అయితే ఆ ఒప్పందం మాట ఎత్తితే చాలు, కూజా సగం ఖాళీ చేసేవాడు.

"మన మనిషిని మన కోర్టు అడక్కుండా, కనీసం వాణ్ణి ఒక్క మాట అడక్కుండా, సరిహద్దు దాటించి ఇంకొకడి చేతిలో పెట్టడమా? మనిషేమన్నా మేకా?" అని అరిచాడు ఒకరోజు. హాలంతా ఒక్కసారి మెచ్చుకుంది.

అబద్ధమెందుకు, ఆ మాటకు నాకు ఒళ్ళు పులకరించింది. అప్పటిదాకా వచ్చిన అరబ్బీ అంతా ఈ ఒక్క మాట అర్థం చేసుకోవడానికే నేర్చుకున్నానేమో అనిపించింది. వంటింట్లోకి పోయి కప్పులు కడుగుతున్న మా ఆవిడకు తెలుగులో చెప్పాను.

"మంచి మాటే అన్నాడు గదబ్బా బాబా," అంది ఆమె.

మా ఇద్దరి పాస్‌పోర్టులూ ఆ మంచి మాట అన్న మనిషి గదిలో, ఇనప్పెట్టెలో ఉండేవి. మేము చేరిన రోజు పెట్టిందే, మళ్ళీ వాటి మొహం చూడలేదు. అందరి ఇళ్ళల్లోనూ అంతే కాబట్టి మాకూ అది విడ్డూరమనిపించలేదు.

తర్వాత ఆగస్టు వచ్చింది. దక్షిణాన ఉన్న ఇరుగుపొరుగుతో ఒప్పందం చేసుకోవాలా వద్దా అని వీళ్ళు ఏళ్ళ తరబడి కొట్టుకుంటుంటే, ఉత్తరాన ఉన్న పొరుగువాడు, ఇరాక్‌వాడు, ఏ ఒప్పందమూ లేకుండా తెల్లారేసరికి ట్యాంకులతో దిగాడు. పోలీసులు ఎంతదూరం రావచ్చో లెక్కలు వేసిన పెద్దమనుషులు ఒక్కరూ ఆ సాయంత్రం దివానియాకు రాలేదు.

మర్నాడు దక్షిణ సరిహద్దు దాటిపోవడానికి ఇంటి ముందు రెండు కార్లు నింపారు. నగల పెట్టె, నీళ్ళ డబ్బాలు, పిల్లలు. చంటిపిల్ల మాత్రం ఎవరి దగ్గరా నిలవదు, మా ఆవిడ చంక దిగితే ఒకటే ఏడుపు. ఆమె వంటింట్లో రొట్టెల పిండి కలుపుతోంది. మామా పరుగున వచ్చి పిల్లను ఆమె చేతుల్లో పెట్టి, "యల్లా, యల్లా!" అంటూ వెనక సీట్లోకి తోసింది. మా ఆవిడ వేళ్ళకు ఇంకా పిండి ఉంది. కాళ్ళకు స్నానాల గది చెప్పులు. నావైపు చూసింది, నోరు తెరిచింది, కారు కదిలింది.

"నువ్వు ఇల్లు చూసుకో, వారంలో వచ్చేస్తాం," అన్నాడు బాబా ముందు కారులోంచి. వస్తావా అని ఆమెను ఎవరూ అడగలేదు. పంపుతావా అని నన్నూ అడగలేదు. పాలడబ్బా సర్దినట్టు ఆమెను సర్దుకుని పోయారు.

వారం పోయింది, ఇంకో వారం పోయింది. సైనికులు ఇల్లిల్లూ గాలిస్తూ మా ఇంటికీ వచ్చారు, ముగ్గురు. బంగారం ఎక్కడ అన్నారు. నాకు తెలియదన్నాను. బాబా గదిలో ఇనప్పెట్టెను పగలగొట్టారు. బంగారం లేదు. అందులో ఉన్న కొద్ది గడియారాలు జేబుల్లో వేసుకుని కాగితాలన్నీ నేల మీదికి విసిరారు. ఆ కుప్పలో మా పాస్‌పోర్టులు రెండూ కనబడ్డాయి. బాబా ఇన్నేళ్ళు దాచింది వాళ్ళొచ్చి నా కాళ్ళ దగ్గర పారేశారు. వంగి తీసుకుని పంచెలో దోపుకున్నాను.

ఆ ముగ్గురిలో మీసాలు నెరిసినవాడొకడు హాల్లోకి పోయి బాబా కూర్చునే చోటే కూర్చుని, గహ్వా ఉందా అన్నాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టు ఉంది వ్యవహారం. కాచి తెచ్చి పోశాను. ఒకటి తాగాడు, రెండోది తాగాడు, తర్వాత కప్పును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. అచ్చం వీళ్ళలాగే. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏ పార్లమెంటూ ఆమోదించకపోయినా ఈ ఒక్క ఒప్పందం మాత్రం సరిహద్దుకు రెండువైపులా నిక్షేపంగా నడుస్తోంది.

"అందరూ పోయారుగా, నువ్వెందుకు పోలేదు?" అన్నాడు.

"నా భార్యను వాళ్ళు తీసుకుపోయారు. అడక్కుండా సరిహద్దు దాటించారు," అన్నాను.

"నన్ను మాత్రం దాటుతావా అని ఎవడడిగాడు?" అన్నాడు వాడు కప్పు నా చేతికిస్తూ. జాలిపడబోయాను. అంతలో పక్కనున్నవాడు టీవీని భుజానికెత్తుకున్నాడు, ఈ నెరిసిన మీసాలవాడు లేచి వాడికి తలుపు తెరిచి పట్టుకున్నాడు.

పాస్‌పోర్టులు బియ్యం డబ్బాలో అడుక్కి తోసి పైన బియ్యం పోశాను. అన్నం వండుకున్నప్పుడల్లా చెయ్యి పెట్టి తడిమి చూసుకునేవాణ్ణి.

మన దేశంవాళ్ళను బస్సుల్లో ఇరాక్ మీదుగా జోర్డాన్ చేర్చి, అక్కడి నుంచి విమానాల్లో బొంబాయికి పంపిస్తున్నారని కబురొచ్చింది. హవల్లీ పేటలో బట్టలు కుట్టే మా రాజంపేట మనిషి ఒకడు, నాకంటే చిన్నవాడు, నడిచి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"అన్నా, మనోళ్ళంతా పోతాండారు. పాస్‌పోర్టు చేతిలో పెట్టుకోని ఈడేం చేస్తాండావు?"

"ఆమెది కూడా నా దగ్గరే ఉంది రా. ఆడ ఆమె చేతిలో చీటీముక్క గూడా లేదు."

"ఊరికి పోతే ఆణ్ణించి ఏదో ఒగటి చేయచ్చు గదన్నా. ఈడ తినేదానికి తిండి ల్యా, రేపు యుద్ధమొస్తే సచ్చిపోతావు."

"ఎప్పుడు తెచ్చినా ఆమెను తెచ్చి దింపేది ఈ ఇంట్లోనే. నేను ఊర్లో కూచుంటే ఈడ ఆమెకు ఎవరుండారు?"

వాడు నా చెయ్యి పట్టుకుని కాసేపు ఏడ్చి వెళ్ళిపోయాడు. ఆ బస్సెక్కి ఉంటే బాగుండేదని చలికాలం పొడుగునా అనుకున్నాను. రొట్టె కోసం వరసలో నిలబడి అనుకున్నాను, బాంబులకు కిటికీలు అదురుతుంటే మెట్ల కింద ముడుచుకుని అనుకున్నాను. అనుకుంటూనే ఉండిపోయాను. నూనెబావులు తగలబడి మధ్యాహ్నాలే చీకటైపోయిన రోజుల్లో యుద్ధం ముగిసిందని చెప్పారు.

బాబా వాళ్ళు తిరిగొచ్చారు. నేను గేటు దగ్గరికి పరిగెత్తాను. ఒక్కొక్కరే దిగారు, చంటిపిల్ల కూడా దిగి నడిచింది. నడక వచ్చిందన్నమాట. మా ఆవిడ దిగలేదు.

"అక్కడ మా చెల్లెలింట్లో పనిమనిషి లేక ఇబ్బందిపడుతుంటే ఇచ్చాను. సామాన్లతో పాటు వస్తుందిలే," అన్నాడు బాబా. పక్కింటికి నిచ్చెన ఎరువిచ్చినట్టు చెప్పాడు. తర్వాత పగిలిన ఇనప్పెట్టె చూసి, "పాస్‌పోర్టులు?" అన్నాడు.

"సైనికులు తీసుకుపోయారు బాబా," అన్నాను. ఆ అబద్ధానికి ఈనాటికీ నాకు సిగ్గులేదు.

ఎండలు ముదిరాక ఒక వ్యాను వచ్చింది. తివాచీల చుట్టలు, ట్రంకుపెట్టెలు, వాటి మధ్య మా ఆవిడ. చిక్కి సగమైంది. కాళ్ళకు అవే స్నానాల గది చెప్పులు, ఒకదానికి తాడు కట్టి ఉంది. ఆ రాత్రి గోడవైపు తిరిగి పడుకుని చెప్పింది.

"ఒగ నెలుండి మామా వాళ్ళు యాడికో పోయినారు, నన్ను బాబా చెల్లెలి ఇంట్లో పెట్టి. మనోళ్ళు విమానాల్లో ఊరికి పోతాండారని టీవీలో చూసినా. తట్టుకోల్యాక బయటికొచ్చి నడిచినా. పోలీసోళ్ళు పట్టుకోని కాగితాలడిగినారు. నాది కువైట్‌లో ఉండేదానికిచ్చిన ఇఖామా, మా ఊరికి పంపండయ్యా అని ఏడ్చినా. మాటా మంచీ లేదు. ఫోన్ చేసినారు, ఆయమ్మ డ్రైవరొచ్చినాడు, నన్ను బండెక్కించినారు. ఖలాస్."

పారిపోయినదాన్ని పట్టి అప్పగించారు. ఏ సభలో ఓటు పడింది దీనికి? ఏ పెద్దమనిషి గొంతు చించుకున్నాడు? ఏళ్ళ తరబడి వీళ్ళకు మింగుడుపడని ఒప్పందం, మా ఆవిడ విషయంలో ఒక్క ఫోన్ కాల్‌తో అమలైపోయింది. నాకు ఆ రాత్రి పుట్టిన మంట ఇంకా చల్లారలేదు.

ఆ వారమే దివానియా మళ్ళీ తెరిచారు. కొత్త దిండ్లు, కొత్త టీవీ. ఎన్నికలు ఎప్పుడో, పార్లమెంటు తలుపులు తీసేదెప్పుడో ఎవరికీ తెలియదు గానీ, ఒప్పందం మాత్రం ముందే వచ్చి హాల్లో కూర్చుంది. కష్టకాలంలో ఇరుగుపొరుగు ఆదుకున్నారు కాబట్టి ఈసారి ఆమోదించి తీరాలన్నారు కొందరు.

బాబా మొదట నన్ను చూపించి, "ప్రాణానికి తెగించి నా ఇల్లు కాపాడిన మనిషి," అన్నాడు. అందరూ తలలూపి మెచ్చుకున్నారు. నేను కాపలా కాసింది ఇల్లు కాదని చెప్పాలనిపించింది. ఎద్దు పుండు కాకికి నొప్పా? ఊరుకుని గహ్వా పోశాను.

తర్వాత బాబా గొంతు సవరించుకున్నాడు. సాయం వేరు, చట్టం వేరు అన్నాడు. ఆ పాత మాటే మళ్ళీ అందుకున్నాడు. మనిషిని ఒక్క మాట అడక్కుండా సరిహద్దు దాటించడమా, ఇంకొకడి చేతిలో పెట్టడమా, మనిషేమన్నా మేకా? హాలంతా మళ్ళీ మెచ్చుకుంది. ఆయన కప్పు ఖాళీ అయింది, ఊపకుండానే నావైపు చాపాడు. నియమం ప్రకారం పోయాలి. ఆరేళ్ళలో మొదటిసారి నేను పోయలేదు. కూజా పట్టుకుని వంటింట్లోకి వచ్చేశాను.

మా ఆవిడ కప్పులు కడుగుతోంది. "ఏందబ్బా, అంత గట్టిగా అరుస్తాండారు?" అంది.

"మనిషిని ఒక్క మాటైనా అడక్కుండా సరిహద్దు దాటించగూడదంట. ఇంకొకరి చేతిలో పెట్టగూడదంట."

ఆమె కడగడం ఆపలేదు. "ఏ మనిషినంట?" అంది.

హాల్లోంచి బాబా గహ్వా కోసం పిలుస్తున్నాడు. నేను కూజా కింద పెట్టి, బియ్యం డబ్బా మూత తీసి, మోచేతిదాకా చెయ్యి పెట్టాను. పాస్‌పోర్టులు రెండూ బయటికి తీసి, బియ్యపుగింజలు దులిపి, ఆమెది ఆమె ముందు పెట్టాను.

"ఇంగా ఈడనే ఉందామా, ఊరికి పోదామా? నువ్వు చెప్పు," అన్నాను.

ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది. చేతిలో ఉన్న తడి కప్పును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని అటూ ఇటూ ఊపింది.